కార్డా అండీ, క్యాషా? ఒకే ఆపరేషన్‌కు నాలుగు ధరలు ఎందుకుంటాయి

కోనసీమలో ఒక దింపు కార్మికుడు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడనుకుందాం. తొడ ఎముక విరిగింది. ఆటోలోనో 108లోనో దగ్గరి పట్నంలోని ఆసుపత్రికి తీసుకెళ్తారు. కౌంటర్ దగ్గర వినిపించే మొదటి ప్రశ్న, "కార్డా అండీ, క్యాషా?" వెంట వచ్చినవాళ్లు కాస్త ఉన్నవాళ్లలా కనిపిస్తే, "ఇన్సూరెన్స్ ఏమైనా ఉందాండీ?" అని కూడా అడుగుతారు.

ఆ జవాబును బట్టి ధర మారిపోతుంది. ఎముక అదే, వేసే రాడ్ అదే, డాక్టరూ ఆయనే. నగదైతే 80,000 రూపాయలు అంటారు. ప్రైవేటు బీమా ఉంటే బిల్లు 1,10,000 దాకా వెళ్తుంది. ప్రభుత్వ కార్డు మీదైతే ఆసుపత్రికి వచ్చేది 40,000. కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)కి వెళ్తే రోగి కట్టేది సున్నా. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. కానీ ఇలాంటి తేడాలు గోదావరి జిల్లాల్లో ఆసుపత్రి మెట్లెక్కిన ప్రతి కుటుంబానికీ తెలుసు. ఇదంతా మోసమేనని కొందరంటారు. వైద్యం ఖరీదైపోయిందని ఇంకొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ నాలుగు ధరలు ఎలా పుడతాయో ఆ రెండు మాటలూ చెప్పవు.

ఇప్పుడు ఈ సంగతి మాట్లాడుకోవడానికి కారణం ఉంది. పాత ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ పథకాన్ని ట్రస్టు, బీమా కలిసిన పద్ధతికి మార్చడానికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2.5 లక్షల రూపాయల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు భరించాలన్నది అందులోని ఏర్పాటు. మరుసటి నెలలోనే బకాయిలు తీర్చాలంటూ, ఈ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. ఆ రోజుల్లో కార్డు చేత్తో పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియక తిరిగినవాళ్లను చూశాను. కార్డు చెల్లుతుందో లేదో దాని మీద రాసి ఉండదు. దాని వెనక డబ్బు ఎలా కదులుతుందో దాన్నిబట్టే అది తేలుతుంది.

వెయ్యి కుటుంబాల లెక్క

బీమాను చాలామంది చిట్టీలా చూస్తారు. "పదేళ్లు కట్టాను, ఒక్క రూపాయి రాలేదు" అని బాధపడతారు. చిట్టీలో కట్టిన డబ్బు ఎప్పుడో ఒకప్పుడు మన వంతుకు వస్తుంది. బీమాలో రాకపోతేనే మనం బాగున్నట్టు. మనం కట్టింది అదే ఏడాది ఇంకెవరి ఆపరేషన్‌కో వెళ్లిపోతుంది.

ఒక ఊళ్లో వెయ్యి కుటుంబాలున్నాయనుకుందాం. ఏటా 40 కుటుంబాల్లో ఒకరికి ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం వస్తుంది. సగటు ఖర్చు 60,000. మొత్తం 24 లక్షలు. వెయ్యి కుటుంబాలు పంచుకుంటే తలా 2,400. సిబ్బంది, ఏజెంట్ల కమిషన్, లాభం, అన్నీ కలిపి వసూలైన ప్రతి వంద రూపాయల్లో 20 పోతాయనుకుంటే ప్రీమియం 3,000 అవుతుంది. 60,000 అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, చెవులవీ మెళ్లోవీ తాకట్టు పెట్టే కష్టాన్ని ఏటా 3,000 కట్టి తప్పించుకుంటున్నారన్నమాట.

మరి ఊరివాళ్లే ఒక డబ్బా పెట్టుకుని ఈ పని చేసుకోవచ్చు కదా? 1986 ఆగస్టును తలుచుకుంటే జవాబు దొరుకుతుంది. ఏటిగట్టుకు ఒకచోట గండి పడితే పక్క ఊరు సాయం వస్తుంది. కానీ ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చింది. అందరి ఇళ్లూ ఒకేసారి మునిగినప్పుడు ఎవరు ఎవరికి సాయం చేస్తారు? జబ్బులూ అంతే. ఒక ఇంట్లో గుండెనొప్పి, ఇంకో ఇంట్లో కాలు విరగడం వేరువేరుగా వస్తాయి కాబట్టి ఊరు మోయగలదు. డెంగీయో కోవిడ్డో వస్తే వీధంతా ఒక్కసారే ఆసుపత్రిలో ఉంటుంది. అందుకే డబ్బా ఊరికంటే చాలా పెద్దదై ఉండాలి. కుదిరితే రాష్ట్రమంత, దేశమంత.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తప్పుకుంటే

ఇప్పుడు అదే వెయ్యి కుటుంబాల్లో 400 కుటుంబాలు, "మా ఇంట్లో అందరూ గట్టిగానే ఉన్నారు, మాకెందుకు" అని మానేశాయనుకుందాం. మిగిలినవి 600. కానీ మానేసింది ఆరోగ్యవంతులు కాబట్టి కేసులు 40 నుంచి 36కే తగ్గాయి. ఖర్చు 21.6 లక్షలు. తలా 3,600, పైఖర్చులు కలిపితే ప్రీమియం 4,500. ఈ ధర చూసి ఇంకో 200 కుటుంబాలు తప్పుకుంటాయి. మిగిలిన 400 కుటుంబాల్లో 32 కేసులు. ప్రీమియం 6,000. ఎవరూ మోసం చేయలేదు. ఎవరికీ కొత్తగా జబ్బు రాలేదు. అయినా ధర రెట్టింపైంది.

దీన్నే ఆర్థికవేత్తలు ప్రతికూల ఎంపిక అంటారు. జబ్బు వచ్చాక పాలసీ కొనేవాళ్లే మిగిలితే బీమా కూలిపోతుంది. పాలసీ కొన్న కొంతకాలానికిగానీ క్లెయిమ్ ఇవ్వమనే వెయిటింగ్ పీరియడ్‌ను కంపెనీలు పెట్టేది అందుకే. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఈ గడువు గతంలో నాలుగేళ్ల వరకు ఉండేది. 2024లో బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది. ఐదేళ్లు ఆగకుండా ప్రీమియం కట్టాక, మోసం చేశారని రుజువైతే తప్ప, "అప్పట్లో షుగరు సంగతి దాచారు" అని క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వీల్లేదని కూడా అప్పుడే చెప్పింది. అంతకుముందు ఆ గడువు ఎనిమిదేళ్లు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. దీనివల్ల ఆరోగ్యవంతులు కూడా పాలసీ కొంటే ఆ గుంపు నిలబడుతుంది.

ప్రభుత్వ పథకంలో ఈ చిక్కు లేదు. అర్హులందరూ తమంతట తామే అందులో ఉంటారు, తప్పుకోవడమన్నది ఉండదు. అందరికీ ఒకే పథకం కావాలనేవాళ్ల వాదనలో బలమైన భాగం ఇదే.

కొనేవాడికి తెలియని సరుకు

చేపల మార్కెట్లో పులస కొనేటప్పుడు కూడా మొప్ప ఎత్తి చూస్తాం. ఆపరేషన్ థియేటర్లో ఏం ఎత్తి చూస్తాం? ఏం కొనాలో, ఎంత కొనాలో అమ్మేవాడే చెప్పే సరుకు వైద్యం. అమెరికా ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1963లో రాసిన ఒక పరిశోధనా పత్రంలో ఈ సంగతి మీదే నిలబడి, మామూలు సంత నియమాలు వైద్యానికి ఎందుకు సరిపోవో వివరించాడు.

మన పల్లెల్లో ఈ తెలియనితనాన్ని కొంత తీర్చేది ఆర్ఎంపీ. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతాడు, తోడుగా కూడా వస్తాడు. ఆ సాయం చిన్నది కాదు. కానీ పంపినందుకు కమిషన్ ఇచ్చే ఆసుపత్రులూ ఉన్నాయి. అలాంటి చోట అది బిల్లులోనే ఎక్కడో కలుస్తుంది. 80,000 నగదు ధరలో ఆ భాగం ఎంతో రోగికి తెలిసే దారి లేదు.

ఖర్చు ఇంకెవరో భరిస్తున్నారంటే వాడకం పెరుగుతుంది. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో అవసరం లేకపోయినా గర్భసంచి తీసేస్తున్నారన్న ఆందోళన రాష్ట్రమంతా వినిపించింది. ఆ తర్వాతే నిబంధనలు బిగించారు. నలభై ఏళ్లు కూడా నిండని ఆడవాళ్లు జీవితాంతం దాని ఫలితం మోస్తున్నారు. దాన్ని వాడకం పెరగడం అన్న మాటతో సరిపెట్టడానికి నాకు మనసొప్పదు.

అయితే రోగి కూడా కొంత కట్టాలంటే అన్నీ సర్దుకుంటాయా? 1970ల్లో అమెరికాలో ర్యాండ్ సంస్థ దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించింది. వైద్యం పూర్తిగా ఉచితమైనవాళ్లు, తామూ కొంత కట్టినవాళ్లకంటే వైద్యం ఎక్కువగా వాడారు. సగటున చూస్తే ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు. కానీ బీపీ ఉన్న పేదవాళ్లకు మాత్రం ఉచిత వైద్యం స్పష్టంగా మేలు చేసింది. డబ్బు కట్టాల్సి వస్తే జనం అనవసరమైన వైద్యాన్నే కాదు, అవసరమైనదాన్నీ మానుకుంటారు. ఏది ఏదో వాళ్లకు తెలియదు కదా.

ధరలకు ప్రభుత్వం గీత గీయడం ఇంకో దారి. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టారు. లక్ష దాటిన మందుపూత స్టెంట్ దాదాపు 30,000కు దిగింది. రోగులకు అది నిజమైన ఊరట. కానీ స్టెంట్ దగ్గర తగ్గిన డబ్బును ఆసుపత్రి మిగతా ఛార్జీల్లో వెతుక్కోకుండా ఆపే గీత లేదన్న విమర్శ వెంటనే వచ్చింది. ఆ విమర్శ అర్థం కావాలంటే ఆసుపత్రి వైపు కూర్చుని లెక్క వేయాలి.

ఖాళీ మంచం కూడా ఖర్చే

డెల్టాలో ఏదో ఒక పట్నం. 50 పడకల ఆసుపత్రి. జీతాలు, అద్దె, యంత్రాల అప్పు వాయిదాలు, కరెంటు, అన్నీ కలిపి నెలకు 45 లక్షలనుకుందాం. రోగులు వచ్చినా రాకపోయినా ఈ డబ్బు కట్టాల్సిందే. నెలకు 50 పడకలు, 30 రోజులు, అంటే 1,500 పడకరోజులు. అందులో 900 నిండితే ఒక్కో పడకరోజుకు పడే భారం 5,000. 600 మాత్రమే నిండితే 7,500. 1,350 నిండితే సుమారు 3,333. పడకలు ఎన్ని నిండితే భారం అంత పలచబడుతుంది.

ఇప్పుడు మన దింపు కార్మికుణ్ణి ఈ ఆసుపత్రికి తీసుకొద్దాం. ఐదు రోజులు ఉంటాడు. రోజుకు 5,000 చొప్పున భారం 25,000. రాడ్, మందులు, దూది, సూదులు, ఇలా అతని కోసమే కొత్తగా అయ్యే ఖర్చు 20,000. మొత్తం 45,000. ఒక్కో ఆపరేషన్‌కు పథకం ముందే నిర్ణయించిన ధరను ప్యాకేజీ అంటారు. ఆ కార్డు ప్యాకేజీ కింద వచ్చేది 40,000. పుస్తకంలో చూస్తే 5,000 నష్టం.

అయినా ఆసుపత్రి అతణ్ణి ఎందుకు చేర్చుకుంటుంది? అతను రాకపోయినా ఆ 25,000 పోయేదే. అతను వస్తే అదనంగా అయ్యే ఖర్చు 20,000, వచ్చేది 40,000. జీతాలకు, వాయిదాలకు 20,000 మిగులుతుంది. మంచం ఖాళీగా ఉంటే కార్డు రోగి లాభమే. అదే మంచం కోసం 80,000 నగదు ఇచ్చే రోగి గుమ్మంలో ఉంటే కార్డు రోగి భారం. ఒకే ఆసుపత్రి జూన్‌లో, "రండి రండి, ఆరోగ్యశ్రీ ఉంది" అని, డెంగీ జ్వరాల రోజుల్లో, "బెడ్లు ఖాళీ లేవండీ" అనడానికి కారణం చాలాసార్లు ఈ లెక్కే. తప్పు తప్పే. ఖాళీ ఉండి కూడా లేదనడం నిబంధనలకు విరుద్ధం, మానవత్వానికీ విరుద్ధం. కానీ అలా అనడం ఎప్పుడు పెరుగుతుందో ముందే చెప్పొచ్చు.

నగదు రోగి కట్టే 80,000లో ఖర్చుకు మించి ఉన్న సొమ్ము, బీమా బిల్లులో అంతకంటే ఎక్కువగా ఉన్న సొమ్ము, కార్డు ప్యాకేజీలో తగ్గిన 5,000ను పూడుస్తాయి. డాక్టర్లు చెప్పే వాదన ఇది. ప్యాకేజీ ధరలు పెంచితే మిగతావాళ్ల బిల్లు తగ్గుతుందని అంటారు. దీనికి ఎదురు వాదనా ఉంది. ప్యాకేజీ పెంచినంత మాత్రాన నగదు రోగికి తగ్గించమని ఆసుపత్రిని ఎవరూ బలవంతపెట్టలేరు, ఎంత ఇవ్వగలడో చూసి అంత అడగడమే జరుగుతుందని. పక్కనే పోటీ ఆసుపత్రి ఉన్న రాజమండ్రి, భీమవరం లాంటి చోట మొదటి వాదన కొంత నిలుస్తుంది. ఒక్కటే ఆసుపత్రి ఉన్న చిన్న పట్నంలో రెండోదే నిజమవుతుందని నా అభిప్రాయం. వరదల్లో పడవ దాటి వచ్చిన లంక గ్రామం మనిషికి ధరలు పోల్చుకుని చూసే తీరిక ఎక్కడిది?

జీజీహెచ్ సున్నా వెనకా ఖర్చు ఉంది. అక్కడి జీతాలు, మందులు మన పన్నుల్లోంచి ముందే కట్టేశాం. ప్రభుత్వ ఆసుపత్రిలో చేసిన వైద్యానికి కూడా పథకం ప్యాకేజీ డబ్బు వెళ్తుంది. రోగి అక్కడ కట్టేది డబ్బు రూపంలో కాదు. క్యూలో, వరండాలో, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి రోజుల్లో కడతాడు.

ఆరు నెలల ఆలస్యం విలువ

40,000 ఇవాళ వస్తే ఒక లెక్క, ఆరు నెలలకు వస్తే ఇంకో లెక్క. ఆసుపత్రి బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే ఆరు నెలల వడ్డీ 4,800. మిగిలే 20,000 కాస్తా 15,200 అవుతుంది.

అసలు ఇబ్బంది వడ్డీకంటే పెద్దది. నెలకు 20 కార్డు కేసులు చేస్తే చేతి నుంచి పెట్టే ఖర్చు 4 లక్షలు. ఆరు నెలలకు 24 లక్షలు బయట ఉండిపోతాయి. మందుల డిస్ట్రిబ్యూటరు అన్నాళ్లు ఆగడు. నర్సులకు ఒకటో తారీకు జీతం ఇవ్వాలి. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి బ్యాంకు అప్పిస్తుంది. చిన్న ఆసుపత్రి ముందు కార్డు కేసులు తగ్గిస్తుంది, తర్వాత రోగితోనే "ఈ మందులు బయట తెచ్చుకోండి" అంటుంది. బడ్జెట్‌లో ఆలస్యమైన ఒక సంతకం అలా పేదవాడి జేబు దాకా వస్తుంది. ఈ వ్యవహారం మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పథకాన్ని ఎవరూ రద్దు చేయలేదు, అయినా అది మెల్లగా లేకుండా పోతుంది.

బీమా కంపెనీయా, ట్రస్టా

ఇప్పుడు వార్తల్లోని మార్పు దగ్గరికి వద్దాం. ట్రస్టు పద్ధతిలో ప్రభుత్వ సంస్థే క్లెయిములు చూసి ప్రభుత్వ డబ్బుతో చెల్లిస్తుంది. ఏడాదికి ఎంతవుతుందో ముందే తెలియదు, రిస్కు ప్రభుత్వానిది. బీమా పద్ధతిలో కుటుంబానికి ఇంతని ప్రీమియం ముందే కంపెనీకి కడతారు. కేసులు పెరిగితే నష్టం కంపెనీది, తగ్గితే లాభం దానిది.

ఇది మనకు పూర్తిగా కొత్త కాదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పుడు బీమా కంపెనీ ద్వారానే నడిచింది. అదే ఏడాది చివరికి గోదావరి జిల్లాలకు వచ్చింది. ట్రస్టు నేరుగా చెల్లించే పద్ధతి ఆ తర్వాత పెరిగింది.

బీమా వైపు మాట్లాడేవాళ్లు రెండు సంగతులు చూపిస్తారు. ప్రీమియం ముందే కడితే డబ్బు ట్రెజరీలో ఇరుక్కోదు, ఆసుపత్రికి త్వరగా అందుతుంది. దొంగ కేసులు పట్టుకుంటే కంపెనీకే లాభం కాబట్టి గట్టిగా చూస్తుంది. ఎదుటి పక్షం అదే రెండో మాటను తిప్పి చెబుతుంది. దొంగ కేసును ఆపినా నిజమైన కేసును ఆపినా కంపెనీకి మిగిలేది ఒకటే. మామూలు ఆపరేషన్లలో ఎక్కువ భాగం 2.5 లక్షల లోపే ఉంటాయి కాబట్టి జనం ఎదుర్కొనేది ఎక్కువగా కంపెనీ అప్రూవల్‌నే. పైగా కంపెనీ పైఖర్చులు, లాభం అదే సొమ్ములోంచి పోవాలి.

ఇద్దరి మాటలోనూ పస ఉంది. నాకు తోచినంతలో, ఎవరు చెల్లిస్తారన్నదానికంటే ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నదే ముఖ్యం. తిరస్కరించిన కేసును మళ్లీ ఎవరు చూస్తారు? చెల్లింపుకు గడువెంత? గడువు దాటితే వడ్డీ ఎవరు కడతారు? ప్రభుత్వం కంపెనీకి ప్రీమియమే ఆలస్యంగా కడితే, పాత ఆలస్యమే కొత్త కౌంటర్ దగ్గర మళ్లీ మొదలవుతుంది. చెరువు రైతు నుంచి కూలీ వరకు ఎవరైనా అడగదగ్గ ప్రశ్నలివి.

గది అద్దెతో తగ్గిపోయే క్లెయిమ్

ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మా పెద్దమ్మకు మోకాలి మార్పిడి చేయించినప్పుడు మాకు అది అనుభవంలోకి వచ్చింది. ఐదు లక్షల పాలసీ. గది అద్దె పరిమితి రోజుకు ఒక శాతం, అంటే 5,000. ఆవిడ సుఖంగా ఉండాలని 8,000 గది తీసుకున్నాం, నాలుగు రోజులు. తేడా రోజుకు 3,000 చొప్పున 12,000 మనం పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాం. అడ్మిషన్ దగ్గర మాకు ఎవరూ మరోలా చెప్పలేదు.

బిల్లు గుండ్రంగా ఇలా వచ్చింది. గది 32,000. సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ 1,20,000. కృత్రిమ కీలు, మందులు, పరీక్షలు 1,00,000. మొత్తం 2,52,000. కంపెనీ గదికి 20,000 ఇచ్చింది. రెండో పద్దును కూడా అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులకు కోసి 75,000 చేసింది. మూడో పద్దు పూర్తిగా ఇచ్చింది. వచ్చింది 1,95,000. మేం కట్టింది 57,000.

ఖరీదైన గదిలో ఉంటే సర్జన్ ఫీజు కూడా ఎక్కువ వేసే ఆసుపత్రులున్నాయి కాబట్టి ఈ కోత న్యాయమేనని కంపెనీలు అంటాయి. గదినిబట్టి ఫీజు మారని ఆసుపత్రిలో దానికి అర్థం లేదు, అలాంటి చోట కోత వేయకూడదని నియమమూ ఉంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. ఐసీయూ ఛార్జీలకూ ఇది వర్తించదు. గది పరిమితి లేని పాలసీలు కూడా ఉన్నాయి, ప్రీమియం కాస్త ఎక్కువ.

నాలుగు ధరల్లోనూ లేనిది

దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి అది 39.4 శాతానికి దిగింది. పెద్ద మార్పే. కానీ మిగిలినదాంట్లో మందుల షాపుదే పెద్ద భాగం. షుగరు, బీపీ మాత్రలకు నెలకు 1,500 పెట్టే ఇల్లు ఏడాదికి 18,000 ఖర్చు చేస్తుంది. ఆసుపత్రిలో చేరితేనే పనిచేసే కార్డుకూ పాలసీకీ ఆ 18,000 కనపడదు. అది కనపడక మాత్రలు మానేసిన మనిషి తర్వాత పక్షవాతంతో చేరితే, అప్పుడు లక్షల ప్యాకేజీ మంజూరవుతుంది.

ఇక మన దింపు కార్మికుడు. ఆపరేషన్ బాగా జరిగింది, కార్డు పనిచేసింది, ఒక్క రూపాయి కట్టలేదనుకుందాం. ఆ కాలుతో అతను మళ్లీ చెట్టెక్కడానికి కనీసం కొన్ని నెలలు పడుతుంది. చెట్టెక్కేవాళ్ల కోసం కొబ్బరి అభివృద్ధి మండలి కేర సురక్ష అనే ప్రమాద బీమా నడుపుతోంది. అందులో పేరు ఉంటే కొంత ఆసరా. లేకపోతే ఆ నెలల బియ్యం, పిల్లల ఫీజు, భార్య అతని దగ్గర కూర్చుని పోగొట్టుకున్న కూలి, ఏ ప్యాకేజీలోనూ ఒక పద్దుగా లేవు. ఊళ్లో ఆ డబ్బు ఇప్పటికీ నూటికి రెండు రూపాయల వడ్డీకే దొరుకుతుంది.